తెలంగాణ ఆర్థిక శ్వేతపత్రం (2023)

తెలంగాణ ఆర్థిక శ్వేతపత్రం అనునది రాష్ట్ర ప్రభుత్వ అప్పులు, ఆదాయవ్యయాలను వివరిస్తూ 2023 డిసెంబరు 20న శాసనసభలో ప్రవేశపెట్టబడిన 42 పుటల పత్రము. ఉపముఖ్యమంత్రి, ఆర్థికమంత్రి అయిన మల్లు భట్టి విక్రమార్క దీనిని సభ ముందుంచారు. ఈయన ఖమ్మం జిల్లా మధిర నియోజకవర్గ శాసనసభ్యుడు. రాష్ట్రపు ఆర్థిక దుస్థితికి బాధ్యులెవరు అన్న వివాదము ఈ పత్రముతో ఓటర్ల నోట అంకెల వివాదముగా మారినది. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో దీనికి స్థానిక కారణములు కూడా తోడైనవి.

అంకెలు

పత్రము ప్రకారము 2014-15లో రాష్ట్రపు అప్పు రూ.72,658 కోట్లు, 2023-24 నాటికి మొత్తము రూ.6,71,757 కోట్లు. ఇందులో బడ్జెటు ద్వారా తీసుకున్న అప్పు రూ.3,89,673 కోట్లు. ప్రభుత్వ హామీతో వివిధ సంస్థలు తీసుకొనగా ప్రభుత్వమే తీర్చవలసినది రూ.1,27,208 కోట్లు, హామీ ఉన్నా ఆ సంస్థలే తీర్చవలసినది రూ.95,462 కోట్లు, హామీ లేనిది రూ.59,414 కోట్లు. రెవెన్యూ రాబడిలో 34 శాతము అప్పుల చెల్లింపులకే పోవుచున్నదని పత్రము పేర్కొన్నది.

వివాదమంతా ఈ కూడికలోనే ఉన్నది. ఒక కుటుంబ యజమాని తన అప్పుతో బాటు, తాను జామీను ఉన్న బంధువుల అప్పును కూడా లెక్కలో వేసుకొనవలెనా? బంధువు తీర్చగలిగినంత కాలము అక్కరలేదు, తీర్చలేకపోతే తప్పదు. సంస్థలు తీర్చుకొనే అప్పులను కూడా కలిపి భారాన్ని పెద్దదిగా చూపించారని భారత రాష్ట్ర సమితి పక్షాన మాజీ ఆర్థికమంత్రి టి.హరీశ్‌రావు వాదించారు. డిసెంబరు 24న కె.టి.రామారావు "స్వేదపత్రం" పేరిట ప్రతివాదమును విడుదల చేస్తూ, అప్పుతో ఏర్పడిన ఆస్తులను కూడా లెక్కించవలెనన్నారు. రెండు పక్షములూ నిజమైన అంకెలనే చెప్పగలగడము వలన సామాన్య ఓటరుకు తీర్పు కష్టమైనది.

ఖమ్మం, భద్రాచలం ప్రాంతములో

శ్వేతపత్రానికి ముందే, 2023 నవంబరు 30న పోలింగు ముగిసినది. ఉమ్మడి జిల్లాలోని 10 స్థానాలలో కాంగ్రెసు 8, సి.పి.ఐ. 1 (కొత్తగూడెం) గెలుచుకొనగా, భద్రాచలం ఒక్కటే భారత రాష్ట్ర సమితికి దక్కినది. అక్కడ గెలిచిన తెల్లం వెంకటరావు 2024 ఏప్రిల్‌లో కాంగ్రెసులో చేరారు. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికలలో ఖమ్మం, మహబూబాబాదు రెండు స్థానాలూ కాంగ్రెసుకే లభించినవి. భద్రాచలం, పినపాక శాసనసభ స్థానాలు మహబూబాబాదు పరిధిలోనివి.

ఇక్కడి వాదనకు ముఖ్య ఉదాహరణ సీతారామ ఎత్తిపోతల పథకము. 2016లో కె.చంద్రశేఖరరావు శంకుస్థాపన చేసిన ఈ పథకపు తొలి అంచనా రూ.7,926 కోట్లు, తరువాత రూ.13,057 కోట్లకు పెరిగినది. వేల కోట్లు వెచ్చించినా ఒక్క ఎకరమైనా తడవలేదని కాంగ్రెసు మంత్రులు, పనులలో అత్యధిక భాగము తామే పూర్తిచేశామని పూర్వ పాలకులు చెప్పుకొనిరి. రైతుకు కావలసినది కాలువలో నీరు. తగాదా మాత్రము శిలాఫలకము మీది పేరు గురించి నడిచినది.

భద్రాచలంలో మరొక లెక్క ఉన్నది. 2022 జూలైలో గోదావరి ఇక్కడ 71.3 అడుగులకు చేరగా, ముంపు కుటుంబాలకు ఎత్తైన చోట ఇండ్లు కట్టించుటకు ముఖ్యమంత్రి రూ.1,000 కోట్లు ప్రకటించారు. 2023 ఎన్నికల నాటికి ఆ కాలనీ రూపు దాల్చలేదు. ఖజానాలో లేని సొమ్మును ప్రకటించుట తప్పా, ఉన్న సొమ్మును వేరొక చోటికి మళ్ళించుట తప్పా అన్నది శ్వేతపత్రము తేల్చని ప్రశ్న.

రుణమాఫీ

2024 ఆగస్టు 15న వైరాలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి రూ.2 లక్షల వరకు పంటరుణాల మాఫీలో మూడవ విడతను ప్రారంభించారు. అర్హులెందరో మిగిలిపోయారని ప్రతిపక్షము ఆరోపించగా, నవంబరు 30న మరొక విడత విడుదలైనది. మొత్తము సుమారు 25 లక్షల రైతులకు రూ.20,600 కోట్లు చెల్లించినట్లు ప్రభుత్వము ప్రకటించినది. ఖాళీ ఖజానా గురించి శ్వేతపత్రము చదివినవారే ఇంత సొమ్ము ఎట్లు తెచ్చిరని ప్రతిపక్షీయులు, హామీ నిలుపుకొన్నామని పాలకపక్షీయులు వాదించిరి.

సరిహద్దుకు ఆవల

పోలవరం ముంపు నిమిత్తము 2014లో భద్రాచలం పట్టణము మినహా ఆ మండలము, కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడు మండలములో కొంత భాగము ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయినవి. భద్రాచలాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక గ్రామస్థులు ఆ విధముగా వేరొక వివాదములో ఓటర్లైనారు. అక్కడ 2024 జూలై 26న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు విడుదల చేసిన శ్వేతపత్రము అప్పును రూ.9.74 లక్షల కోట్లుగా చూపి, 2019-24 నడుమ పాలించిన వై.ఎస్.ఆర్. కాంగ్రెసును తప్పుపట్టినది. ఆ పక్షము ఈ లెక్కను అంగీకరించలేదు.