నగరయాత్రకు కూడిన బిడారు

ఖమ్మం సీమలోని కల్లూరు వంటి ఊళ్ల నుంచి, 1889లో నిజాం రైలుమార్గం ఖమ్మం మీదుగా బెజవాడ చేరేదాకా, దూరనగరానికి వెళ్లేవారు తోడునూ, తిండినీ, మజిలీలనూ, అంటే రాత్రి బసలనూ, ముందే కుదుర్చుకోవలసి వచ్చేది. ఆ సన్నాహమెంతటిదో ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ చూపుతుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అనగా భాషాంతరకర్త అయిన ఆయన, 1830 మే నెలలో సుమారు వందమందితో, డేరాలూ, పల్లకీ మోసే బోయీలూ సిద్ధం చేసుకొని బయలుదేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ చేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. ఏ ఊళ్లో మంచినీళ్లున్నాయో, ఏ అంగడిలో బియ్యం దొరుకుతాయో మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు జాబులు రాయగా, ఆ పిళ్ళ వాటిని 1838లో అచ్చువేయించారు. ఆనాటి సామూహిక ప్రయాణాలకు తెలుగులో ఇది విలువైన ఆధారం.