'ముల్కీ' నుంచి 'లోకల్' దాకా: నిజాం నాటి నిబంధన మన పిల్లల దరఖాస్తుల్లోకి ఎలా వచ్చింది?

నీట్ కౌన్సెలింగ్ మొదలైనా, గ్రూప్స్ నోటిఫికేషన్ పడినా ఇళ్లలో ముందు వెతికేది బోనఫైడ్ సర్టిఫికెట్లే. ఏ క్లాసు ఎక్కడ చదివారు, మధ్యలో ఎక్కడికైనా మారారా అని లెక్కలు వేసుకుంటారు. మంచి మార్కులు వచ్చినా 'లోకల్' దగ్గర తేడా వస్తే సీటు చేజారిపోవచ్చు. ఈ 'లోకల్' నిబంధన వెనక నూరేళ్లు దాటిన కథ ఉంది. ఆ కథ 'ముల్కీ' అనే ఉర్దూ మాటతో మొదలవుతుంది.

ముల్కీ అంటే ఎవరు?

'ముల్క్' అంటే దేశం. ముల్కీ అంటే ఇక్కడివాడు, గైర్ ముల్కీ అంటే బయటివాడు. 1853లో హైదరాబాద్ దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ పరిపాలనను కొత్త పద్ధతిలో నడపాలని ఉత్తరాది నుంచి చదువుకున్నవాళ్లను రప్పించారు. అలా వచ్చినవాళ్లలో ఇటావాకు చెందిన మొహసిన్ ఉల్ ముల్క్, సయ్యద్ హుస్సేన్ బిల్గ్రామీ లాంటి ముస్లింలు ఉన్నారు. సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ లాంటి బెంగాలీలూ ఉన్నారు. పెద్ద కొలువులన్నీ బయటివాళ్లకే పోతున్నాయని స్థానికులు అసంతృప్తి చెందారు. అలా బాధపడినవాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు.

1919లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ముల్కీ నిబంధనలు ఖరారయ్యాయి. పుట్టుకతో హైదరాబాద్ సంస్థాన ప్రజలైనవాళ్లు ముల్కీలు. బయటి నుంచి వచ్చినవాళ్లు కనీసం 15 ఏళ్లు ఇక్కడే స్థిరంగా ఉండి, తిరిగి సొంత ఊరికి వెళ్లే ఆలోచన లేదని మేజిస్ట్రేట్ ముందు అఫిడవిట్ ఇస్తే వాళ్లూ ముల్కీలే. సర్కారీ నౌకరీకి ఇదే అర్హత. 1930లలో ముల్కీ లీగ్ పేరుతో హిందువులు, ముస్లింలు కలిసి ఈ హక్కు కోసం గొంతెత్తారు.

సంస్థానం పోయింది, నిబంధన మిగిలింది

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్యతో హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసింది. ఆ తర్వాత మద్రాసు, బొంబాయి వైపుల నుంచి అధికారులు వచ్చారు. ఆఫీసుల్లో ఉర్దూ స్థానం తగ్గి ఇంగ్లిష్ పెరిగింది. ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమంలో చదివిన యువకులకు ఇది పెద్ద దెబ్బ. 1952లో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఉండగా 'నాన్ ముల్కీ గో బ్యాక్' అంటూ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. సెప్టెంబర్‌లో హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి.

1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. తెలంగాణ ఉద్యోగాలకు 12 ఏళ్ల నివాసం ఉండాలన్నది అందులో ఒక షరతు. అదే ఏడాది నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఒప్పందం సరిగా అమలు కావడం లేదన్న కోపమే 1969లో ఉద్యమంగా మారింది.

కోర్టు ఒకసారి అలా, ఒకసారి ఇలా

తెలంగాణ ఉద్యోగాలకు నివాసం తప్పనిసరి చేస్తూ 1957లో పార్లమెంటు చట్టం చేసింది. అందులో తెలంగాణకు సంబంధించిన భాగాన్ని 1969 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. రాష్ట్రం మొత్తానికి నివాస షరతు పెట్టొచ్చు గానీ అందులో ఒక ప్రాంతానికి పెట్టకూడదని చెప్పింది. 1972 అక్టోబర్ 3న అదే కోర్టు పాత ముల్కీ నిబంధనలు మాత్రం ఇంకా చెల్లుతాయని తీర్పిచ్చింది. రాజ్యాంగం రాకముందు నుంచే ఉన్న ఆ నిబంధనలకు 35(బి) అధికరణ కింద రక్షణ ఉందన్నది దానికి ఆధారం. రాజుల పాలన పోయి రెండు దశాబ్దాలు దాటాక కూడా నిజాం నాటి నిబంధన ప్రజాస్వామ్యంలో నిలబడింది.

ఈసారి కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. రాజధాని అందరిదీ అయినప్పుడు అక్కడి ఉద్యోగాలకు తాము పరాయివాళ్లం ఎలా అయ్యామన్నది వాళ్ల ప్రశ్న. 1973 జనవరిలో పీవీ నరసింహారావు ప్రభుత్వం దిగిపోయి రాష్ట్రపతి పాలన వచ్చింది.

ముల్కీ పోయి లోకల్ వచ్చింది

1973 సెప్టెంబర్‌లో ఆరు సూత్రాల పథకం ప్రకటించారు. ముల్కీ నిబంధనలు రద్దు చేసి, 32వ సవరణతో రాజ్యాంగంలో 371డి అధికరణ చేర్చారు. 1974 ఉత్తర్వుతో చదువుల్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకు దక్కాయి. 1975 ఉత్తర్వుతో రాష్ట్రాన్ని ఆరు జోన్లు చేసి ఉద్యోగాల్లోనూ లోకల్ కోటా పెట్టారు. అది అమలు కాలేదన్న ఫిర్యాదులతో 1985 డిసెంబర్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం 610 జీవో ఇచ్చింది. ఆ జీవో కూడా ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చేదాకా ఉద్యమ సభల్లో ఆ నంబర్ వినిపిస్తూనే ఉంది.

మాటతో పాటు లెక్క కూడా మారింది. ముల్కీ నిబంధన పుట్టుకను, తండ్రి కొలువును, నివాసాన్ని చూసేది. లోకల్ నిబంధన ప్రధానంగా పిల్లవాడు చదివిన బడిని చూస్తుంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం తెలంగాణ ఉద్యోగాల్లో 95 శాతం లోకల్ వాళ్లకే. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారన్నది ఇక్కడ కీలకం. మెడికల్ సీట్ల లెక్క వేరు. తెలంగాణ 2024లో తెచ్చిన 33 నంబర్ జీవో ప్రకారం ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదవాలి. 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది.

అందుకే ఏడు తరాలుగా పాతబస్తీలోనో, నిజామాబాద్‌లోనో ఉన్న కుటుంబపు బిడ్డ తొమ్మిది, పది తరగతులు జెడ్డాలోనో దుబాయ్‌లోనో చదివి వస్తే మెడికల్ సీటుకు నాన్ లోకల్ కావచ్చు. తొమ్మిదో తరగతికి ఇక్కడికి వచ్చిన మరో రాష్ట్రం బిడ్డ లోకల్ కావచ్చు. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలు, సైనికుల పిల్లలు లాంటి కొందరికి మినహాయింపులు ఉన్నాయి. గల్ఫ్‌లో డ్రైవర్‌గానో మెకానిక్‌గానో కష్టపడే తండ్రి పిల్లలకు ఆ వెసులుబాటు లేదు.

వేదిక మీది గతం, దరఖాస్తులోని గతం

ఏటా సెప్టెంబర్ 17 వస్తే నిజాం కాలం మీద మాటల యుద్ధం నడుస్తుంది. కొందరు విమోచన అంటారు, కొందరు విలీనం అంటారు. రాష్ట్ర ప్రభుత్వం 2022లో జాతీయ సమైక్యతా దినోత్సవం అంది, 2024లో ప్రజాపాలన దినోత్సవం అంది. ఆ వేదికల మీద గతాన్ని తరచూ హిందూ ముస్లిం కథగానే చెబుతారు. ముల్కీ చరిత్ర అలా సాగలేదు. ఇక్కడివాళ్లకు ఇక్కడి అవకాశం దక్కాలన్న పోరాటంలో మతం తేడా లేకుండా రెండు వైపులా అందరూ ఉన్నారు. ఇంటింటికీ తగిలే గతం ఇది, కానీ సభల్లో వినిపించేది తక్కువ.

చరిత్ర ఎలా ఉన్నా, తల్లిదండ్రులు చేసుకోవాల్సిన పని ఒకటుంది. ప్రతి తరగతి బోనఫైడ్‌ను బడి మారే రోజే తీసుకోవాలి. ప్రైవేటు స్కూళ్లు మూతపడ్డాక ఆ కాగితం దొరకడం కష్టం. గుర్తింపు లేని మదర్సాలో చదివే పిల్లల విషయంలో నివాస ధ్రువపత్రం ఎలా వస్తుందో మండల కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవాలి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు పిల్లల్ని ఎనిమిదో తరగతి అయ్యేలోపు ఇక్కడి బడిలో చేర్పించాలా వద్దా అన్నది ఆ ఏడాది రాకముందే తేల్చుకోవాలి.