చలినీటి సముద్రంలో మొదటి మునక ఎక్కడ? మాంటెరే పాత రేవులు చెప్పే సంగతి

 

మన వాళ్ల బిడ్డలు చాలామంది కాలిఫోర్నియాలో, శాన్ హోసే చుట్టుపక్కల స్థిరపడ్డారు. చూడబోయిన అమ్మానాన్నలను వాళ్లు తీసుకుపోయే ఊళ్లలో మాంటెరే ఒకటి. కారులో గంటన్నర దారి, సముద్రపు ఒడ్డు. అండమాన్‌లోనో పుదుచ్చేరిలోనో స్కూబా నేర్చుకున్న కుర్రవాళ్లు అక్కడ "ఇక్కడ కూడా ఒకసారి మునుగుదాం" అంటారు. మునగడం తప్పు కాదు. ఎక్కడ మునగాలి అన్నదే ప్రశ్న. దానికి జవాబు ఆ ఊరి చరిత్రలోనే ఉంది. అందుకే ఈసారి మాంటెరే కథ రాస్తున్నాం.

ముందు నీళ్ల సంగతి. మనకు తెలిసింది వెచ్చని సముద్రం. తూత్తుకుడి దగ్గర మన్నార్ సింధుశాఖలో వందల ఏళ్లు ముత్యాల కోసం మునిగారు. మేము తమిళ పాఠాల్లో చదువుకున్న 'ముత్తుక్కుళిత్తల్' అదే. తమిళంలో స్నానానికీ ఆ మునకకీ ఒకటే మాట. నడుముకు గుడ్డ, దిగడానికి ఒక రాయి, చిప్పలు వేసుకోవడానికి ఒక సంచి. అంతకు మించి ఏమీ ఉండేది కాదు.

మాంటెరేలో అది సాగదు. అక్కడి నీళ్లు సుమారు 10 నుంచి 15 డిగ్రీలే. ఉత్తరం నుంచి వచ్చే చల్లని ప్రవాహం ఒక కారణం. రెండోది గాలి. వసంతంలో వాయవ్యపు గాలి తీరం వెంట వీస్తుంది. భూమి తిరగడం వల్ల పైనీళ్లు తీరం నుంచి దూరంగా జరుగుతాయి. ఆ చోటులోకి అడుగునున్న చల్లని నీళ్లు పైకి వస్తాయి. వాటితోపాటు మొక్కలకు ఎరువులాంటి లవణాలూ వస్తాయి. అందుకే కెల్ప్ అనే సముద్రపు పాచి అక్కడ తాటిచెట్ల ఎత్తున పెరిగి అడవిలా నిలబడుతుంది. దాన్ని చూడాలనే అందరికీ ఆశ. కానీ నీళ్లు ఒంటి వేడిని గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. అది మరిచిపోకూడదు.

ఇక చరిత్ర. 1602లో సెబాస్టియన్ విస్కయీనో అనే స్పెయిన్ నావికుడు ఈ అఖాతానికి వచ్చి మాంటెరే అని పేరు పెట్టాడు. అన్ని గాలులనుంచీ రక్షణ ఉన్న గొప్ప రేవు అని పొగిడి రాశాడు. ఆ పొగడ్త నమ్ముకుని 1769లో గాస్పర్ దె పోర్తొలా నేలమార్గాన వచ్చాడు. చూస్తే గాలికి తెరిచి ఉన్న పెద్ద అఖాతం. ఇదే మాంటెరే అని గుర్తుపట్టలేక దాటిపోయాడు. మళ్లీ 1770లో వచ్చాకనే అక్కడ కోట, మఠం వెలిశాయి. ఒకరు 'బ్రహ్మాండం' అన్నంత మాత్రాన ఒక చోటును నమ్మకూడదని ఆ ఊరు పుట్టుకలోనే ఉంది.

ఊరికి దక్షిణాన పాయింట్ లోబోస్ ఉంది. అక్కడ కొండరాళ్ల మధ్య ఒదిగిన చిన్న రేవును ఇప్పుడు వేలర్స్ కోవ్ అంటారు. 1850లలో చీనా జాలర్లు అక్కడ కాపురం పెట్టారు. వాళ్లు కట్టుకున్న ఒక గుడిసె నేటికీ మ్యూజియంగా నిలిచి ఉంది. 1860లలో అజోర్స్ దీవుల పోర్చుగీసువాళ్లు తిమింగలాల వేటకు అదే రేవు ఎంచుకున్నారు. వీళ్లందరికీ ఆ చోటే ఎందుకు నచ్చింది? చిన్న పడవ దింపడానికీ, తిరిగి ఒడ్డుకు చేర్చడానికీ వీలున్న చోటు అది. అల విరగని చోటు వెతుక్కున్నవాడే మళ్లీ ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు.

1897లో జపాన్‌లోని చిబా సీమ నుంచి గెన్నొసుకె కొదాని వచ్చాడు. సముద్రజీవుల శాస్త్రం చదివినవాడు. రాళ్లకు అంటుకుని ఉండే అబలోనీ అనే పెద్ద గుల్ల పురుగు అక్కడ మెండుగా ఉందని చూసి, సొంత ఊరివైపు నుంచి మునకగాళ్లను రప్పించాడు. వాళ్లు తరతరాలుగా ఊపిరి బిగబట్టి మునిగేవాళ్లు. ఇక్కడి చలికి ఆ విద్య ఆగలేదు. తర్వాత ఇత్తడి టోపీ, గాలి గొట్టం ఉన్న బరువైన దుస్తులతో దిగేవాళ్లను తెప్పించాడు. పని సాగింది. అలెగ్జాండర్ అల్లన్ అనే భూస్వామితో కలిసి ఆ రేవులోనే అబలోనీ డబ్బాల కార్ఖానా నడిపాడు. చలిముందు పట్టుదల చూపలేదు, పద్ధతి మార్చుకున్నాడు. పుట్టుకతో సముద్రం తెలిసినవాళ్లకే అలా అయిందంటే, నాలుగు రోజుల సర్టిఫికెట్ పిల్లల సంగతి వేరే చెప్పాలా?

స్కూబా దుస్తుల కథ కూడా ఆ రాష్ట్రానిదే. 1943లో ఫ్రాన్స్‌లో కుస్తో, గాన్యాన్ కలిసి వీపుకు కట్టుకునే గాలి సిలిండరుకు తగిన వాల్వు తయారుచేశారు. గాలి దొరికింది, వెచ్చదనం దొరకలేదు. 1951-52 ప్రాంతంలో బర్కిలీ భౌతికశాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ ఒక మాట పట్టుకున్నాడు. ఒళ్లు తడవకుండా ఉండక్కరలేదు. బుడగలు నిండిన నియోప్రీన్ రబ్బరు ఒంటికి అతుక్కుని ఉంటే, ఆ బుడగలే చలిని ఆపుతాయి. అదే వెట్ సూట్.

దీనిలో మన పిల్లలకు ఒక పాఠం ఉంది. లోతు పెరిగేకొద్దీ ఒత్తిడికి ఆ బుడగలు నలిగిపోతాయి, సూట్ పలచనై చలి ఎక్కువవుతుంది. కాబట్టి చలినీళ్లలో కొత్తవాళ్లకు లోతు తక్కువ చోటే మేలు. ఇంకొకటి, అండమాన్‌లో పలచని సూట్ చాలు. మాంటెరేలో ఏడు మిల్లీమీటర్ల మందం, తలకు టోపీ, చేతులకు తొడుగులు కావాలి. మందపు సూట్ మనిషిని పైకి తేలుస్తుంది. అందుకని నడుముకు ఎక్కువ సీసం కట్టుకోవాలి. నీళ్లలో నిలకడగా ఉండడం మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నట్టే.

అందుకు అక్కడివాళ్లు పంపే చోటు శాన్ కార్లోస్ బీచ్, బ్రేక్ వాటర్ పక్కన. సార్డిన్ చేపల పడవలు కిటకిటలాడిన కాలంలో, 1930లలో, రేవుకు కాపుగా వేసిన రాతిగోడ అది. సుమారు అర కిలోమీటరు పొడవు. గోడ లోపలివైపు పడవలు, బయటివైపు మునకగాళ్లు. పాయింట్ పీనోస్ కొన అడ్డు ఉన్నందువల్ల మహాసముద్రపు పెద్ద అలలు చాలా రోజులు అక్కడికి నేరుగా రావు. ఇసుక మీద మెల్లగా నడిచి దిగవచ్చు. లోతు కొంచెం కొంచెంగా పెరుగుతుంది. గోడ ఒక చేతివైపు పెట్టుకుని పోతే, తిరిగి వచ్చేటప్పుడు రెండో చేతివైపు పెట్టుకుంటే చాలు, దారి తప్పరు. అయినా ఉత్తరం నుంచి పెద్ద అల లేచిన రోజు అక్కడ కూడా దిగకూడదు.

వేలర్స్ కోవ్ రెండో మెట్టు. ఆ నీళ్లను 1960లో రిజర్వుగా ప్రకటించారు. అమెరికాలో అలాంటిది అదే మొదటిది. సర్టిఫికెట్ చూపాలి, జోడీ ఉండాలి, ముందుగా అనుమతి తీసుకోవాలి.

దానికి కూతవేటు దూరంలోనే మొనాస్టరీ బీచ్ ఉంది. చూడడానికి అందంగా ఉంటుంది, కారు రోడ్డు పక్కనే ఆపవచ్చు. కానీ సముద్రపు లోయ ఒడ్డుకు దగ్గరగా వచ్చే చోటు అది. ఒడ్డు నిటారుగా దిగిపోతుంది, అల కాళ్ల దగ్గరే విరుగుతుంది, ముతక ఇసుక కాలికింద జారిపోతుంది. ఈతకు కాదు, ఊరికే కాళ్లు తడుపుకోవడానికి నిలబడినవాళ్లు కూడా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. స్థానికులు దానికి 'మార్చురీ బీచ్' అని మారుపేరు పెట్టారు. కార్ పార్కింగ్ సులువుగా దొరికిందని చోటు ఎంచుకునేవాళ్లకు ఈ ఒక్క పేరు చాలు.

ఆ ఊళ్లోనే ప్రయోగశాల పెట్టుకున్న ఎడ్ రికెట్స్, జాక్ కాల్విన్‌తో కలిసి 1939లో తీరపు జీవుల మీద ఒక పుస్తకం వేశాడు. జీవులను జాతులవారీగా కాక, అలల తాకిడి ఎంత ఉన్న చోట ఏవి బతుకుతాయి అన్న వరసలో పెట్టాడు. శాస్త్రవేత్త రాసిందీ జాలరి ఎరిగిందీ ఒకటే. తీరంలో మొదట చూడవలసింది అల.

కాబట్టి పిల్లలు సముద్రంలోకి దిగుతామన్నప్పుడు పెద్దలు అడగవలసిన ప్రశ్నలు ఇవి. ఈరోజు అల ఎంత, ఏ దిక్కునుంచి? ఎక్కడ దిగుతారు, అక్కడే తిరిగి ఎక్కగలరా? లోతు ఎంత? ఈ సూట్‌తో, ఈ బరువుతో ముందు లోతు తక్కువ నీళ్లలో సరిచూసుకున్నారా? ఆ చోటు ఎరిగిన స్థానిక శిక్షకుడు వెంట ఉన్నాడా? ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆరోజు అక్వేరియం చూసి రండి. అద్దం వెనక కెల్ప్ అడవి అక్కడా ఉంది.

పరాయి నేలకు పోయి బతికినవాళ్ల కథ మన సంఘానికి కొత్త కాదు. చీనా జాలర్లూ పోర్చుగీసువాళ్లూ కొదాని మనుషులూ వచ్చిన చోట ముందు రేవు చూసుకున్నారు, తర్వాతే నీళ్లలోకి దిగారు. మన బిడ్డలు కూడా అలాగే చూసుకుని దిగాలి, క్షేమంగా ఒడ్డుకు రావాలి.