బల్బోవా ఏటవాలు నుంచి ఆంట్‌వెర్ప్ దాకా

కాలిఫోర్నియాలోని శాన్‌డియేగో నగరంలో బల్బోవా పార్కు ఉంది. ఆ పార్కులో మార్లీ ఫీల్డ్ చుట్టూ తిరిగే 5 కిలోమీటర్ల పరుగు దారిలో ఒక పొడవాటి ఏటవాలు వస్తుంది. దాన్ని ఒకసారి ఎక్కితే సరిపోదు. చుట్టు తిరిగి వచ్చి రెండోసారీ ఎక్కాలి. మొదటిసారి గుంపుగా ఎక్కినవాళ్లు రెండోసారికి ఒకరి వెనక ఒకరు చెదిరిపోతారు. 1990 డిసెంబరులో ఈ దారిని కొలరాడోలోని బౌల్డర్ హైస్కూల్ విద్యార్థిని మెలొడీ ఫెయిర్‌చైల్డ్ 16 నిమిషాల 39 సెకన్లలో ముగించింది. అమెరికా హైస్కూల్ బాలికల జాతీయ క్రాస్ కంట్రీ పోటీలో అది ఆమెకు వరసగా రెండో గెలుపు. ఆ దారి మీద ఆ రికార్డు ముప్పై ఏళ్లకు పైగా నిలిచింది.

ఆ తరవాత వచ్చిన ప్రతి మేటి అమ్మాయినీ ఆమెతో పోల్చారు. 2001లో అంబర్ ట్రాటర్ అదే జాతీయ పోటీని 16 నిమిషాల 24 సెకన్లలో గెలిచింది. కానీ ఆ ఏడు పోటీ శాన్‌డియేగోలో కాదు, ఫ్లోరిడాలోని ఓర్లాండోలో జరిగింది. అక్కడ ఆ ఏటవాలు లేదు. 2020లో కరోనా వల్ల పెద్ద పోటీలన్నీ రద్దయితే, అలబామాలోని హంట్స్‌విల్‌లో జరిగిన పందెంలో టెనెస్సీ అమ్మాయి జెన్నా హచిన్స్ 15 నిమిషాల 58 సెకన్లు పరుగెత్తింది. హంట్స్‌విల్ దారి చదునైనది, వేగానికి పేరుబడ్డది. అంకెలు మాత్రమే చూస్తే ముగ్గురిలో ఫెయిర్‌చైల్డ్ ఆఖరు. క్రాస్ కంట్రీ గురించి కొంచెం తెలిసినవారెవరూ ఆ మాట ఒప్పుకోరు.

ట్రాక్ మీద 400 మీటర్లంటే ఎక్కడైనా 400 మీటర్లే. క్రాస్ కంట్రీకి ఆ హామీ లేదు. గడ్డి, బురద, వాన, ఎత్తుపల్లాలు, నేల మెత్తదనం, ఇవన్నీ గడియారంలోకి చేరతాయి. అందుకే న్యూయార్క్ రాష్ట్రంలోని గణకులు గుర్రప్పందేల నుంచి ఒక పద్ధతి తెచ్చుకున్నారు. ఉదాహరణకు ఇరవైమంది అమ్మాయిలు ఒక శనివారం ఒక పార్కులో పరుగెత్తారనుకుందాం. రెండు వారాల తరవాత అదే ఇరవైమంది మరో పార్కులో సగటున 30 సెకన్లు ఎక్కువ తీసుకున్నారు. ఇరవైమందీ ఒక్కసారిగా నీరసించి ఉండరు కదా. ఆ 30 సెకన్లు నేలవి. వాటిని తీసేసి, మిగిలిన తేడాను మూడు సెకన్లకు ఒక పాయింటు చొప్పున లెక్కగడతారు. ఇలా చేస్తే వేర్వేరు పార్కుల్లో పరుగెత్తిన అమ్మాయిలను పక్కపక్కన నిలబెట్టవచ్చు. ఒకే కాలంలో పరుగెత్తినవారికి ఇది మంచి కొలబద్ద. ఇద్దరి మధ్య పాతికేళ్ల దూరం ఉంటే మాత్రం రెండు పందేల్లోనూ పరుగెత్తిన ఆ ఇరవైమంది దొరకరు. లెక్క అక్కడే ఆగిపోతుంది.

అలాంటప్పుడు నేను చూసేది ఆధిక్యాన్ని. న్యూయార్క్‌లోని నార్త్ రాక్‌లాండ్ హైస్కూల్ అమ్మాయి కేట్లిన్ టూయీ 2017లో నైకీ కంపెనీ జరిపే మరో జాతీయ పోటీని 16 నిమిషాల 44 సెకన్లలో గెలిచింది. రెండో అమ్మాయి దాదాపు 40 సెకన్ల తరవాత వచ్చింది. జాతీయ స్థాయి క్రాస్ కంట్రీలో ఐదు సెకన్ల తేడానే పెద్దది. 40 సెకన్లంటే వెనకామె చూపుకు కూడా అందనంత దూరం. టూయీ 2018లోనూ 2019లోనూ మళ్లీ గెలిచింది. మూడేళ్లు వరసగా ఆ పోటీని గెలిచిన బాలిక ఆమెకు ముందు లేదు. ఒక్క పందెమే ఎంచుకోమంటే నేను 1990 నాటి ఫెయిర్‌చైల్డ్‌ను ఎంచుకుంటాను. బడి చదువు మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటే టూయీదే పైచేయి.

అయితే ఈ పోలిక మొదలుపెట్టే చోటే ఒక పెద్ద లోపం ఉంది. ఫెయిర్‌చైల్డ్ గెలిచిన జాతీయ పోటీని కిన్నీ షూ కంపెనీ ఆరంభించింది 1979లో. తరవాత అదే ఫుట్ లాకర్ పోటీ అయింది. విజేతల జాబితాలన్నీ ఆ ఏడాది నుంచే మొదలవుతాయి. అంతకుముందు పరుగెత్తగల అమ్మాయిలు లేరా?

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మహిళలకు మొదటిసారి 800 మీటర్ల పందెం పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కె గెలిచింది. ఫైనల్‌లో పరుగెత్తిన తొమ్మిదిమందీ గీత దాటారు. పందెం అయ్యాక అలసటతో ఒకరిద్దరు నేల మీద వాలారు. ఏ మగవాడి పందెం తరవాతైనా కనబడే దృశ్యమే అది. పత్రికలు మాత్రం ఆడవాళ్లు కుప్పకూలిపోయారని రాశాయి. ఫలితంగా 1960 రోమ్ దాకా ఒలింపిక్స్‌లో 200 మీటర్లకు మించి మహిళల పరుగు లేదు. ఒక అబద్ధపు వార్త మూడు దశాబ్దాలకు పైగా ఆడపిల్లల కాళ్లకు బంధం వేసింది.

ఆ బంధంలోనే పెరిగింది వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన డోరిస్ బ్రౌన్. ఆమె చదివిన హైస్కూల్ ట్రాక్ మీద ఆడపిల్లలకు ప్రవేశం లేదు. అదే డోరిస్ 1967లో వేల్స్‌లోని బారీ పట్టణంలో అంతర్జాతీయ క్రాస్ కంట్రీ టైటిల్ గెలిచి, 1971 దాకా వరసగా ఐదేళ్లు దాన్ని వదల్లేదు. హైస్కూల్ విజేతల ఏ జాబితాలోనూ ఆమె పేరు లేదు, ఉండే వీలూ లేదు.

1972 జూన్‌లో విద్యాసంస్థల్లో ఆడ మగ వివక్షను నిషేధించిన టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ఆ ముందు విద్యా సంవత్సరంలో అమెరికా మొత్తం మీద హైస్కూల్ క్రాస్ కంట్రీ పరుగెత్తిన బాలికలు రెండు వేలమంది కూడా లేరు. ఇప్పుడు వారి సంఖ్య సుమారు రెండు లక్షలు. చట్టం వచ్చిన వెంటనే ప్రతి బడిలో జట్టు పుట్టలేదు. మసాచుసెట్స్‌లో లిన్ జెన్నింగ్స్ చదివిన బడిలో బాలికల జట్టు లేక ఆమె అబ్బాయిల జట్టుతో పరుగెత్తింది. 1978లో బడి ముగించింది. జాతీయ పోటీ మొదలైంది ఆ మరుసటి ఏడే. ఆడపిల్లలు ఎక్కువ దూరం పరుగెత్తలేరన్న అనుమానం పూర్తిగా తొలగడానికి ఇంకా చాలా కాలం పట్టింది. మిన్నెసోటా, విస్కాన్సిన్, కాన్సస్ రాష్ట్రాల్లో అబ్బాయిలు 5 కిలోమీటర్లు పరుగెత్తుతుంటే అమ్మాయిలకు 4 కిలోమీటర్లే ఉండేది. ఆ తేడా పోయింది 2010 తరవాతే.

పదహారేళ్ల వయసులో ఇచ్చే తీర్పుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ వయసులో అబ్బాయి శరీరం బలం పుంజుకుంటూ ఉంటుంది. అమ్మాయి శరీరం మారే క్రమంలో కొంతకాలం వేగం నిలిచిపోవచ్చు, తగ్గనూ వచ్చు. అది సహజమైన ఎదుగుదల. చాలామంది శిక్షకులు దాన్ని పతనంగా చూశారు, బరువు తగ్గమన్నారు. తిండి తగ్గితే నెలసరి ఆగుతుంది, ఎముకలు బలహీనపడతాయి, పగుళ్లు వస్తాయి. అలా ఎందరి పరుగో ఇరవై ఏళ్లకే ముగిసింది. 1979 నుంచి ఫుట్ లాకర్ గెలిచిన బాలికల్లో ఒక్కరు కూడా 2015 దాకా కాలేజీ జాతీయ క్రాస్ కంట్రీ టైటిల్ గెలవలేకపోయారు. ఆ ఏడు గెలిచింది 2011 ఫుట్ లాకర్ విజేత, విస్కాన్సిన్ అమ్మాయి మాలీ సైడెల్. తిండికి సంబంధించిన రుగ్మతతో తాను పడిన బాధను ఆమే బహిరంగంగా చెప్పింది. చికిత్స తీసుకుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌లో కాంస్యం తెచ్చింది. టూయీ కూడా 2022లో కాలేజీ టైటిల్ గెలిచింది.

పిల్లల పరుగును ముగింపు గీత దగ్గర నిలబడి చూసే తల్లిదండ్రులకు, అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలకూ, నా మనవి ఒక్కటే. పదిహేనేళ్ల పిల్ల ఈ ఏడు నిరుటి కంటే నెమ్మదించిందని ఆమె పళ్లెంలో అన్నం తగ్గించకండి.

చివరగా ఒక రోజు గురించి చెబుతాను. 1991 మార్చిలో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీలు జరిగాయి. జూనియర్ బాలికల పందెంలో ఫెయిర్‌చైల్డ్ మూడో స్థానంలో వచ్చింది. గెలిచింది కెన్యాకు చెందిన లిడియా చెరొమెయ్. ఆమెకు పదమూడేళ్లు. అమెరికా బడుల్లో అందరికంటే మేటి అనిపించుకున్న అమ్మాయికి ముందు ఇద్దరు కెన్యా పిల్లలు ఉన్నారు. అదే రోజు అదే నేల మీద మహిళల పందెం కూడా జరిగింది. దాన్ని గెలిచింది ఒకప్పుడు తన బడిలో బాలికల జట్టు లేక అబ్బాయిలతో పరుగెత్తిన లిన్ జెన్నింగ్స్. వరసగా మూడేళ్లు గెలిచిన ప్రపంచ టైటిళ్లలో అది రెండోది. అప్పటికి ఆమె వయసు ముప్పై.