కలమూ, ముద్రణాలయమూ : ప్రేమ్‌చంద్ స్వతంత్ర రచనా జీవితం

కథలు, నవలలు రాసి వాటిమీదనే సంసారం నడపడం ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో భారతీయ భాషల రచయితలకు దాదాపు అసాధ్యం. రచయితలలో అధికులు ఉపాధ్యాయులు, ప్లీడర్లు, ప్రభుత్వోద్యోగులు, లేదా కొద్దిపాటి భూవసతి కలవారు. రచన వారికి ఉద్యోగం ముగిసిన తరువాతి వ్యాసంగం. అటువంటి కాలంలో, 1921 ఫిబ్రవరిలో, గోరఖ్‌పూర్ నార్మల్ స్కూలులో పనిచేస్తున్న నలభై ఏళ్ల ఉపాధ్యాయుడు ఇరవై ఏళ్ల సర్కారు కొలువుకు రాజీనామా ఇచ్చారు. ఆయన అసలు పేరు ధనపత్ రాయ్. పాఠకలోకానికి ప్రేమ్‌చంద్. ఫిబ్రవరి 8న గాంధీజీ గోరఖ్‌పూర్ సభలో చేసిన ఉపన్యాసం విని, భార్య శివరానీ దేవితో ఆలోచించి, వారం రోజులలో ఆయన ఈ నిర్ణయం తీసుకున్నారు. అంటే ఉద్యోగం వదలినది సాహిత్యం కోసం కాదు, సహాయనిరాకరణోద్యమం కోసం. కాని అక్కడినుంచి 1936 అక్టోబరులో మరణించేవరకు సాగిన పదిహేనేళ్ల జీవితం, మన దేశంలో ఒక కథకుడు తన కలాన్ని నమ్ముకుని బ్రతకడానికి ఎంత మూల్యం చెల్లించవలసివచ్చిందో తెలిపే చరిత్ర.

సర్కారు కొలువు ఆయనకు చేసిన మేలును విస్మరించడం న్యాయం కాదు. 1899లో చునార్ మిషన్ పాఠశాలలో నెలకు 18 రూపాయల జీతంతోను, మరుసటి ఏడు బహ్‌రాయిచ్ జిల్లా పాఠశాలలో 20 రూపాయలతోను ప్రారంభమైన ఆ జీవనం, 1909 నాటికి ఆయనను హమీర్‌పూర్ జిల్లా మహోబాకు పాఠశాలల సబ్ డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా చేర్చింది. బుందేల్‌ఖండ్ పల్లెలలో ఊరూరా తిరిగి బడులు తనిఖీ చేసే పని అది. రైతు, పట్వారీ, మహాజను, జమీందారు మనిషి వీరందరినీ ఆయన చూసినది ఆ పర్యటనలలోనే. తరువాతి నవలలలోని గ్రామానికి ఆయన స్వగ్రామం లమహీ ఎంత మూలమో, ఈ పర్యటనలూ అంతే మూలం. జీవితాంతం వేధించిన ఉదరవ్యాధి కూడ ఆ దారులలో సంక్రమించినదే.

ఆ కొలువే కలానికి సంకెల కూడ వేసింది. నవాబ్ రాయ్ అనే పేరుతో 1908లో ప్రచురించిన ఉర్దూ కథాసంపుటి 'సోజే వతన్' దేశభక్తి కథలను రాజద్రోహంగా భావించి, హమీర్‌పూర్ కలెక్టరు ఆయనను పిలిపించి మందలించారు. మిగిలిన ప్రతులు అగ్నికి ఆహుతి అయినాయి. ఇకపై ఏది రాసినా ముందు అధికారులకు చూపవలసి ఉంటుందన్న ఆంక్ష వచ్చింది. తనిఖీల మీద తిరిగే ఉద్యోగి ప్రతి కథనూ కలెక్టరు కచేరీకి పంపి, అనుమతికై నిరీక్షించి, ఆపైన పత్రికకు ఇవ్వడం ఆచరణలో సాగే పని కాదు. కాన్పూరు నుంచి వెలువడే 'జమానా' పత్రికా సంపాదకుడు దయానారాయణ్ నిగమ్ సూచనపై, 1910లో 'ప్రేమ్‌చంద్' అనే కొత్త పేరు పుట్టింది. ఆ పేరు వెనుక ఉన్నది కవిత్వం కాదు, కచేరీ నిబంధన.

ఉద్యోగం వదలిన వెంటనే స్వేచ్ఛ లభించలేదు. కొన్నాళ్లు చరఖాల ప్రచారం, కాన్పూరు మార్వాడీ విద్యాలయంలో ప్రధానోపాధ్యాయ పదవి, బనారసులో 'మర్యాద' పత్రిక సంపాదకత్వం, కాశీ విద్యాపీఠానికి చెందిన పాఠశాలలో పని అనే మజిలీలు రెండేళ్లలో గడిచిపోయాయి. ఎక్కడా యాజమాన్యంతో పొత్తు చాలాకాలం కుదరలేదు.

రచన ద్వారా వచ్చే ఆదాయం ఎట్టిదో ఒక్క నవల వృత్తాంతం చాలు. 'బాజారే హుస్న్' అనే పేరుతో ఉర్దూలో రాసిన నవలకు ఉర్దూ ప్రకాశకులు త్వరగా దొరకలేదు. కలకత్తాలోని హిందీ ప్రకాశకులు 450 రూపాయలిచ్చి 'సేవాసదన్' పేరుతో ముందుగా హిందీలో వెలువరించారు. లాహోరు నుంచి ఉర్దూ ప్రతి 1924లో గాని రాలేదు. దానికి ముట్టినది 250 రూపాయలు. ఉర్దూలో రాసిన పుస్తకం హిందీలో ముందు రావడం 'ప్రేమాశ్రమ్', 'రంగభూమి'ల విషయంలోను జరిగింది. ఉర్దూ రచయితగా పెరిగిన ఆయన హిందీవైపు మరలడానికి జాతీయోద్యమ భావాలు ఒక కారణమైతే, హిందీలో పుస్తకాలు కొనేవారు, అచ్చువేసేవారు పెరగడం మరొక కారణం. ఈ రెండవ కారణాన్ని విమర్శకులు కొంత మొగమాటంతో ప్రస్తావిస్తారు గాని, నెలసరి జీతం లేని రచయితకు అది చిన్న విషయం కాదు. 1926లో వెలువడిన 'కాయాకల్ప్'తో ఆయన నవలలను మొదటే హిందీలో రాయడం ఆరంభించారు.

ఇంత శ్రమలో లాభం ప్రకాశకుడికి చేరుతున్నదన్న భావనతోనే 1923లో ఆయన బనారసులో సరస్వతీ ప్రెస్‌ను స్థాపించారు. సవతి తమ్ముడు, మరికొందరు ఆప్తులు భాగస్వాములు. రచయితే ముద్రాపకుడైతే ఇతరుల దయ అవసరం లేదని ఆశ. ఆచరణలో అది ఒక కొత్త యజమానిని తెచ్చిపెట్టింది. కాగితం కొట్టుకు బాకీ, అక్షరాలు పేర్చే కంపోజిటర్లకు జీతాలు, వసూలు కాని బిల్లులు ఇవన్నీ రచయిత తలకు చుట్టుకున్నాయి. ఆ నష్టాలను పూడ్చడానికి మళ్లీ లక్నోలో 'గంగా పుస్తక్‌మాలా' ప్రచురణ సంస్థలోను, 1927 నుంచి 'మాధురి' మాసపత్రిక సంపాదకవర్గంలోను జీతానికి చేరక తప్పలేదు. అల్వార్ మహారాజు నెలకు 400 రూపాయలు, బంగళా, మోటారు ఇస్తామని ఆహ్వానించగా ఆయన నిరాకరించినట్లు శివరానీ దేవి తన జ్ఞాపకాలలో రాశారు. పత్రికా కార్యాలయంలో గుమాస్తాగిరీ వంటి పని ఒప్పుకుని రాజాశ్రయాన్ని కాదన్న ఈ తేడాను గమనించాలి. మొదటిది ఆయన వేళలను మాత్రమే కొనగలదు.

ఆ వేళల పంపకం ఆయన దినచర్యలో స్పష్టం. ఉదయాన్నే లేచి రాయడం, పగలు కార్యాలయం లేదా ప్రెస్, ఆపైన ఉత్తరాలు, ప్రూఫులు. ప్రేరణ కోసం ఎదురుచూడని మనిషి ఆయన. కూలి రోజూ పనిలోకి పోయినట్లే రచయిత రోజూ రాయాలన్నది ఆయన పద్ధతి. మదన్ గోపాల్ ఆయన జీవితచరిత్రకు 'కలమ్ కా మజ్దూర్' అని పేరు పెట్టడం ఉచితంగా ఉన్నది. నవలకు ముందుగా కథాసూత్రాన్ని, పాత్రల వివరాలను తరచు ఇంగ్లీషులో సంగ్రహంగా రాసుకుని, ఆ తరువాత ఉర్దూలోనో హిందీలోనో విస్తరించేవారు. మాసపత్రికలలో ధారావాహిక కూడ ఇటువంటి క్రమశిక్షణనే కోరుతుంది. 'నిర్మల' 1925 నవంబరు నుంచి ఏడాదిపాటు అలహాబాదు స్త్రీల పత్రిక 'చాంద్'లో వెలువడినదే. సుమారు మూడు వందల కథలు, డజనుకు పైగా నవలలు ఈ విధంగా తయారైనాయి.

1930 మార్చిలో సొంత పత్రిక 'హంస్' ఆరంభమైంది. ఆ పేరు సూచించినవారు కవి జయశంకర్ ప్రసాద్. ఉప్పు సత్యాగ్రహపు రోజులవి. ప్రెస్ ఆర్డినెన్సు కింద జామీను కోరడంతో పత్రిక కొంతకాలం ఆగింది. అదే సంవత్సరం 'సమరయాత్ర' కథాసంపుటి నిషేధానికి గురైంది. విదేశీ వస్త్ర దుకాణాల పికెటింగులో శివరానీ దేవి జైలుకు వెళ్లారు. ఇంత జరిగినా 1932లో 'జాగరణ్' అనే వారపత్రికను కూడ నెత్తికెత్తుకున్నారు. నష్టంలో నడిచే మాసపత్రికకు తోడు నష్టంలో నడిచే వారపత్రిక! వ్యాపారదృష్టితో చూస్తే దీనికి సమర్థన దొరకదు. 'గబన్', 'కర్మభూమి' వంటి నవలలు తెచ్చినది ప్రెస్ తినేసింది.

బాకీలు తీర్చే ఉద్దేశంతో 1934 వేసవిలో ఆయన బొంబాయికి వెళ్లి, అజంతా సినీటోన్ సంస్థలో ఏడాదికి 8000 రూపాయల ఒప్పందంపై చిత్రకథలు రాయడానికి కుదిరారు. మోహన్ భవ్నానీ దర్శకత్వంలో తయారైన 'మజ్దూర్' చిత్రానికి కథ అందించి, అందులో చిన్న పాత్ర కూడ ధరించారు. మిల్లు కార్మికులను రెచ్చగొడుతుందని బొంబాయిలో ఆ చిత్రాన్ని నిషేధించారు. అదే సంవత్సరం బనారసులో, జీతాలు బకాయిపడిన సరస్వతీ ప్రెస్ కార్మికులు సమ్మె చేశారు. శ్రామికుల పక్షాన రాసే రచయిత స్వయంగా యజమాని స్థానంలో నిలబడవలసి రావడం ఆయన జీవితంలోని కఠోర సన్నివేశం. 'జాగరణ్' మూతపడింది.

బొంబాయిలో ఉండగానే, 1934 డిసెంబరులో, దక్షిణ భారత హిందీ ప్రచార సభ స్నాతకోత్సవానికి ఆయన మద్రాసు వచ్చారు. మోటూరి సత్యనారాయణ వంటి ఆంధ్రులు నిలబెట్టిన సంస్థ అది. ఆ సభ పరీక్షలకు చదివిన తెలుగువారిలో అనేకులకు హిందీ గద్యమంటే ముందుగా ప్రేమ్‌చంద్ కథలే. చిత్రసీమలో నిర్మాతదే తుదిమాట కావడం సహించక, 1935 ఏప్రిల్‌లో ఆయన బొంబాయిని విడిచిపెట్టారు.

ప్రేమ్‌చంద్ కడుపేదగా జీవించాడన్న నమ్మకం హిందీ ప్రాంతంలో బలంగా ఉన్నది. ఒక ఛాయాచిత్రంలో చిరిగి కనిపించే ఆయన జోడుపై హరిశంకర్ పరసాయి రాసిన వ్యాసం దానిని మరింత వ్యాప్తిచేసింది. కమల్ కిశోర్ గోయెంకా వంటి పరిశోధకులు ఆయన జీతాలను, పారితోషికాలను, బ్యాంకు లెక్కలను చూపి దీనిని ఖండించారు. రెండు వాదాలలోను కొంత నిజం ఉన్నది. ఆయనకు సంపాదన లేకపోలేదు. ఉద్యోగంలో కొనసాగి, తీరికవేళ రాసి ఉంటే సుఖంగానే గడిచేది. వచ్చినదాన్ని ప్రెస్‌లోను, పత్రికలలోను పోయడం ఆయన ఎంచుకున్న మార్గం. దానిని దారిద్ర్యంగా చిత్రించడం, ఆయన తెలిసి తీసుకున్న నిర్ణయాన్ని విధివ్రాతగా మార్చడమే అవుతుంది.

1936 ఏప్రిల్‌లో లక్నోలో అభ్యుదయ రచయితల తొలి మహాసభకు అధ్యక్షత వహించారు. ఆ వేసవిలో 'గోదాన్' వెలువడింది. జూన్‌లో గోర్కీ మరణవార్త తెలిసి, అనారోగ్యంలోనూ రాత్రి కూర్చుని సంతాపసభకు ఉపన్యాసం రాశారు. నిలబడి చదివే శక్తి లేక మరొకరు చదవవలసివచ్చింది. కొద్దిరోజులకే రక్తవాంతి అయింది. అప్పటికి భారతీయ సాహిత్య పరిషత్తు ఆధ్వర్యంలోకి వెళ్లిన 'హంస్'పై ప్రభుత్వం తిరిగి జామీను కోరగా, పరిషత్తు పత్రికను ఆపివేయ నిశ్చయించింది. మంచంమీదనుంచే ఆయన ఆ సొమ్ము కట్టించి పత్రికను తన చేతిలోకి తిరిగి తీసుకున్నారు. అక్టోబరు 8న మరణించారు. ఒక రచయిత జీవితాన్ని చిత్రించబూనిన 'మంగళసూత్ర' నవల కొన్ని అధ్యాయాల వద్ద నిలిచిపోయింది. ఆపైన 'హంస్' సంపాదకత్వ భారాన్ని శివరానీ దేవి, జైనేంద్ర కుమార్ స్వీకరించారు.