చంద్రగిరి దుర్గము

రేణిగుంటనుండి తిరుపతిమీదుగా కాట్పాడికి పోవు రైలుమార్గమున చంద్రగిరి యొక చిన్న స్టేషను. కొండకు వచ్చు యాత్రికులలో నచ్చట దిగువారు బహుస్వల్పము. విజయనగర సామ్రాజ్యము తన కడపటి దినములు గడపిన తావులలో నిది యొకటి యని యెరిగినవా రంతకంటె స్వల్పము.

ఈ కోటను క్రీ.శ. 1000 ప్రాంతమున ఇమ్మడి నరసింహ యాదవరాయలు కట్టించెనని ప్రతీతి. ఇచ్చట నధికారియై యుండిన సాళువ నరసింహుడు 1485లో విజయనగర సింహాసన మధిష్ఠించెను. 1565లో తళ్లికోట యుద్ధముచే రాజధాని పాడుపడగా రాయలు పెనుగొండ చేరిరి. పిదప 1592 ప్రాంతమున వేంకటపతిరాయలు చంద్రగిరికి విచ్చేసెను. 1598లో జెసూటు పాదరు లాయన సభను దర్శించిరి.

నేడు కోట చూడబోవువానికి మొదట ప్రాకారమును, లోపల రాజమహలును, రాణీమహలును కాననగును. రాజమహలు మూడంతస్తులది. ఇందు దూలము గాని వాసము గాని లేదు. రాయి, ఇటుక, సున్నము మాత్రమే. కప్పుల భారమంతయు కమానులే మోయుచున్నవి. ఇంచుమించుగా నీ కాలముననే జపాను దేశమున ఓడా నొబునాగా కొండపై కట్టించిన అజుచి కోట, గొప్ప కొయ్యకట్టడ మగుటచే, 1582లో కాలిపోయి రాతిపునాదులుగా మిగిలినది. మనవారి సున్నపు పని యెంత గట్టిదో దీనిచే నూహింపవచ్చును.

చెన్నపట్టణపు పత్రము మొదట నీ మహలులోనే వ్రాయబడెనని పలువు రనుచుందురు. పత్రములయెడ నింత యలక్ష్యము తగదు. 1639లో ఆంగ్లేయుల కంపెనీకి కౌలు నిచ్చినవాడు దామెర్ల వేంకటాద్రి నాయకుడు. ఆతని తండ్రి చెన్నప్ప పేరిటనే పట్టణమునకు చెన్నపట్టణ మను పేరు వచ్చినది. 1645లో దానిని స్థిరపరచినవాడు శ్రీరంగరాయలు. రాజు వేరు, నాయకుడు వేరు. మొదటి కౌలు వేరు, స్థిరపత్రము వేరు.

ఆ మరుసటి యేడే, 1646లో, కోట గోల్కొండవారి వశమైనది. 1782లో హైదరాలీ దీని నాక్రమించెను. 1792 వరకు మైసూరువారి క్రిందనే యుండెను.

రాజమహలు నిపుడు పురావస్తుశాఖవారు ప్రదర్శనశాలగా నుంచినారు. మన పొరుగున నున్న గుడిమల్లము, ఇంకను గండికోట, యాగంటి మొదలగు తావుల శిల్పములు కలవు. చూపరులు వానిని తిలకించి, చల్లని గదులలో కొంతసేపు నిలిచి, మరలుదురు. కోటలోపలనే శైవ వైష్ణవ దేవాలయము లెనిమిది శిథిలములై యున్నవి. వానివైపు నడచు కాలిబాటపై గడ్డి మొలచుచున్నది.