కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం: ఎ, బి, సి స్టేషన్లు

కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీఎస్) పేరులో కొత్తగూడెం ఉన్నా, అది ఉన్నది పాల్వంచలో. ఆ ప్రాంతం 2016 వరకు ఖమ్మం జిల్లాలో ఉండేది, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కో కాగితాల్లో ‘ఓ అండ్ ఎం’ అనీ, వాడుకలో ‘పాత ప్లాంటు’ అనీ వ్యవహరించే ఎ, బి, సి స్టేషన్ల గురించే ఈ వ్యాసం. తర్వాతి దశల ప్రస్తావన అవసరమైన మేరకే వస్తుంది.

ఎ స్టేషన్‌లో 60 మెగావాట్ల యూనిట్లు నాలుగు. అవి 1966–67లో నడకలోకి వచ్చాయి. బి స్టేషన్‌లోని రెండు 120 మెగావాట్ల యూనిట్లు 1974లో, సి స్టేషన్‌లోని అలాంటివే మరో రెండు 1977–78లో తోడయ్యాయి. మొత్తం 720 మెగావాట్లు. 250 మెగావాట్ల చొప్పున రెండు యూనిట్లున్న ఐదో దశ 1997–98లో, 500 మెగావాట్ల ఆరో దశ 2011లో, 800 మెగావాట్ల ఏడో దశ 2018 డిసెంబరులో వచ్చాయి. కేంద్రం సామర్థ్యంగా 1,720, 2,520, 1,800 అనే మూడు అంకెలు అచ్చులో కనిపిస్తాయి. మూడూ తప్పు కావు, కాలాలే వేరు. మొదటిది ఏడో దశ రాకముందుది. రెండోది కొత్తదీ పాతదీ కలిసి ఉన్న కొద్దికాలపు లెక్క. ఇప్పటికి చెల్లేది 1,800 మాత్రమే.

బొగ్గు సింగరేణిది, నీరు కిన్నెరసానిది. విశ్వనాథ సత్యనారాయణ పాటలతో తెలుగువారికి పరిచయమైన ఈ గోదావరి ఉపనదిపై పాల్వంచ మండలంలో కట్టిన జలాశయం ప్రధానంగా ఈ కేంద్రం కోసమే. ఆనకట్ట పూర్తయిన ఏడాది విషయంలో ఆధారాలు ఏకీభవించవు. 1966 అని కొన్ని, 1970ల ఆరంభమని మరికొన్ని చెబుతాయి. మొదటి యూనిట్లు 1966లోనే నడిచాయి కనుక, నీటి నిల్వ వరకైనా ముందరి తేదీకే మొగ్గు చూపవచ్చు.

కరెంటుతో సంబంధం లేనివారికి కూడా ఈ కేంద్రం పేరు తెలియడానికి కారణం 1969 తెలంగాణ ఉద్యమం. విద్యుత్ బోర్డు కింద ఉన్న ఈ కేంద్రంలో, ముల్కీ నిబంధనల ప్రకారం స్థానికులకు దక్కాల్సిన కొలువులు కోస్తా ప్రాంతం వారికి పోతున్నాయన్న ఫిర్యాదు అప్పటికే ఉంది. ఆ ఏడాది జనవరి మొదటి పక్షంలో అది ఆందోళనగా మారింది. ఉద్యమం ఖమ్మంలో విద్యార్థి నిరాహార దీక్షతో మొదలైందని కొందరు, పాల్వంచలోనే మొదలైందని మరికొందరు రాశారు. తేదీలు ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతాయి. కొలువుల తగాదా దీక్షకన్నా ముందునుంచీ ఉన్నది కాబట్టి, కారణాన్ని పాల్వంచలోనూ, అది ప్రజా ఉద్యమంగా రూపుకట్టడాన్ని ఖమ్మంలోనూ చూడడమే సబబుగా తోస్తుంది. జనవరి 19న అఖిలపక్ష ఒప్పందం కుదిరింది. ముల్కీలు కాని ఉద్యోగులను ఫిబ్రవరి 28లోగా తెలంగాణ కొలువుల నుంచి మార్చాలంటూ 21న జీవో 36 వెలువడింది. బోర్డు స్వయంప్రతిపత్తి గల సంస్థ కదా, దానికి ఈ నిబంధనలు వర్తిస్తాయా అన్న వివాదం హైకోర్టుకెక్కింది. విద్యుత్ రంగ చరిత్రలు ఈ ఘట్టాన్ని ఒకటి రెండు వాక్యాల్లో దాటేస్తుంటాయి.

1999లో బోర్డు విడిపోయాక కేంద్రం ఏపీ జెన్‌కోకు, 2014లో తెలంగాణ జెన్‌కోకు వచ్చింది. అప్పటికే ఎ స్టేషన్ వయసు దాదాపు అర్ధశతాబ్దం. అధిక పీడనంలో పనిచేసే సూపర్‌క్రిటికల్ బాయిలర్‌తో పోలిస్తే ఇలాంటి పాత చిన్న యూనిట్లు ప్రతి యూనిట్ కరెంటుకూ ఎక్కువ బొగ్గు తింటాయి. బూడిద శాతం ఎక్కువగా ఉండే మన బొగ్గుతో బూడిద చెరువుల మీద భారమూ ఆ మేరకు పెరుగుతుంది. 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన కొత్త ఉద్గార ప్రమాణాలకు ఈ వయసు యంత్రాలను సరిచేయడం గిట్టుబాటు కాదన్నది సాధారణ అభిప్రాయం. అయితే మూసివేతకు దగ్గరి కారణం వేరు. పాత యూనిట్లను ఆపాలన్న షరతు ఏడో దశ పర్యావరణ అనుమతిలోనే ఉంది. యూనిట్లు విడతలుగా ఆగాయి, 2020 మార్చి నాటికి ఎనిమిదీ నిలిచిపోయాయి. బొగ్గు స్థానంలోకి సౌరవిద్యుత్తు వచ్చిందనడానికి పాల్వంచను ఉదాహరణగా చూపడం కుదరదు. ఇక్కడ పాత బొగ్గు యూనిట్ల స్థానంలోకి వచ్చింది కొత్త బొగ్గు యూనిట్టే. తెలంగాణ జెన్‌కో మణుగూరు దగ్గర భద్రాద్రి (1,080 మెగావాట్లు), దామరచర్ల దగ్గర యాదాద్రి (4,000 మెగావాట్లు) కేంద్రాలను చేపట్టిన సంగతీ ఇక్కడ గుర్తుంచుకోవాలి.

వంద మీటర్లకు పైబడిన ఎనిమిది కూలింగ్ టవర్లను 2024 ఆగస్టు 5న పేలుడు పదార్థాలు అమర్చి కూల్చివేశారు. అప్పటిదాకా కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్లేవారికి పాల్వంచ ఆనవాలుగా ఉన్నవి అవే. దాదాపు అదే కాలంలో, 2024 జూన్‌లో, 1971 నాటి 62.5 మెగావాట్ల రామగుండం బి స్టేషన్ కూడా మూతపడింది.

వయసు రీత్యా తర్వాతి వరుసలో ఉన్నవి ఐదో దశ యూనిట్లు. వాటికి పాతికేళ్లు నిండాయి. కానీ గిరాకీ పెరుగుతున్నందున 2030 దాకా బొగ్గు యూనిట్లను మూయవద్దని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 జనవరిలో ఉత్పత్తి సంస్థలకు సూచించింది. అదే సంస్థ అదే ఏడాది తెచ్చిన నిబంధనల ప్రకారం, పగటిపూట సౌరవిద్యుత్తుకు చోటిచ్చేలా బొగ్గు యూనిట్లు 55 శాతం లోడుకు, దశలవారీగా 40 శాతానికి దిగి నడవగలగాలి. ఏకధాటిగా పూర్తి లోడుతో నడపడానికి రూపొందించిన 1990ల బాయిలర్లను అలా రోజూ దించి ఎక్కిస్తుంటే గొట్టాల అరుగుదల, మరమ్మతు ఖర్చు పెరుగుతాయి.